ఐదో సాక్షి

అరకులో కోర్టు మెట్ల పక్కన కనక, గాయత్రి పిలుపు కోసం కూర్చున్నారు. ముద్దాయి ఫల్గుణ ఎదురు వరండాలో బల్ల మీద ఉన్నాడు.

“నోటి మీంచి ఆ కొంగు తియ్యి కనకా.”

“ఉండనియ్యే గాయత్రీ. అందరూ సూత్తన్నారు.”

“సూడనీ. ముందు పళ్ళు నాలుగూ రాయెట్టి రాలగొట్టినోడు తలెత్తుకుని కూకున్నాడు. నీకేటి సిగ్గు?”

“పొద్దున్న ఊరి పెద్దలొచ్చారు.”

“ఏటన్నారు?”

“ఏటీ అన్నేదు.”

“కనకా!”

“రాజీకి రమ్మన్నారు. ఊర్లోకి మళ్ళీ రానిత్తారంట. నా ఇల్లు నాకిచ్చేత్తారంట.”

“నువ్వేటన్నావు?”

“సూత్తానన్నాను.”

“సూత్తావా? ఏటి సూత్తావు? సిల్లంగి మంత్రం పెట్టి గుంటని సంపేసావని, ఊరంతా సేరి నిన్ను రాటకి కట్టీసి కొట్టినప్పుడు సూసింది సాలదా?”

“అరవకు. ఆడు వింటాడు.”

“విననీ! వినాలనే అరుత్తున్నాను.”

“ఆడికీ గుంట పోయింది కదే. ఏడేళ్ళ గుంట. ఆ దుక్కంలో మతి పోయి...”

“దుక్కమా? నాలుగు దినాలు జ్వరంతో కాలిపోతంటే ఆసుపత్రికి తీసుకెళ్ళనిచ్చాడా? ఊరి పూజారి, ఆ దిసారి సేత మంత్రాలు సదివించాడు, కోడిని కోయించాడు. అంబులెన్సు గెడ్డ అవతలి ఒడ్డు దాకా వొచ్చి ఉత్తినే తిరిగెళ్ళిపోయింది. గుంట సచ్చాక ఆడి తప్పు మొయ్యడానికో మనిషి కావాల. మొగుడు సచ్చినదానివి, అడిగేవోళ్ళు నేనిదానివి. నువ్వు దొరికావు.”

“ఊరుకో. సమను కాయితం నలిపేత్తన్నావు.”

“కోపానికి.”

“దేనికో నాకు తెల్దేటి?”

“ఆ మాటొద్దు.”

“సరే, అనను. రెండు నెల్లు అంబలి కాసి సెంచాతో నా నోట్లో పోసావు. నా నోటి రగతం నీ సీర నిండా. అప్పుడు నువ్వేడవనేదు. కాఫీ పళ్ళు కొయ్యడానికెళ్ళిన రోజు, మొక్కల మజ్జిన కూలబడి ఒక్కసారే ఏడిసావు.”

“నువ్వు పట్టుకున్నావు కాబట్టి ఏడిసాను.”

“ఇయ్యాల లోనికెళ్ళి సెప్పేసాక, మరి నువ్వెక్కడికెళ్తావే? ఆ ఇంట్లోకి మళ్ళీ...”

“నాకు ఇల్లు నేదు. నువ్వున్నావు.”

“నలుగురు సాక్షులూ మాట మార్చీసారు. నువ్వొకర్తివి సెప్తే జడ్జి గారు నమ్ముతారా?”

“నమ్ముతారు. నేను సెప్తే నమ్మక తప్పదు.”

“ఆడికి జైలు పడితే నీ కడుపు సల్లబడుతుందా?”

“నేదు. నిన్ను కట్టిన రాటకే ఆణ్ణి కట్టాలనుంది. అదే రాయి నా సేతికియ్యాలనుంది. జైలు తక్కువే. నాకు దొరికింది అదొక్కటే, అదీ వదిలెయ్యమంటావా?”

“అననే. ఇంక అనను.”

“కొంగు తీసావు!”

“ఆడూ సూడనీ.”

“సాక్షి గాయత్రి ఎవరమ్మా?”

“నేనే, కానిస్టేబుల్ బాబూ.”

“వివరాలు రాసుకోవాలి. ఏ ఊరు?”

“ఈ కనకదీ నాదీ ఒకటే ఊరు.”

“మొగుడి పేరు?”

“బాబూ, ఒక్క నిమిషం ఆగండి. గాయత్రీ, ఇంకోసారి ఆలోసించు. నోరిప్పితే మరి ఎనక్కి రానేవు...”

“నా సెయ్యి వదులు కనకా. బయటికొచ్చాక పట్టుకో, అప్పుడు కావాల నాకు.”

“బేగి చెప్పమ్మా. లోపల పిలుస్తున్నారు. మొగుడి పేరు?”

“ఫల్గుణ.”

“ముద్దాయి పేరు కాదమ్మా, నేనడిగింది నీ మొగుడి పేరు.”

“అదే సెప్పాను బాబూ. ఆ సచ్చిపోయిన గుంటని కన్నది నేనే. రాసుకో.”