మద్దిలేటిరెడ్డి గోడలో దొరికిన పెట్టె

మద్దిలేటిరెడ్డి ఇప్పుడంటే నెమ్మదిపడినాడు గానీ, ఆ మిద్దె పని పెట్టుకున్న నెలలో సూడాల్సింది ఆయప్పని, కాలుగాలిన పిల్లి మాదిరి ఒక తావున నిలిస్తే ఒట్టు. వాళ్ళది రాతిగోడల పాత మట్టిమిద్దె అనుకో. వానొస్తే ఇల్లంతా కారేది. పైన కప్పిన చౌడుమట్టి తోడేసి, గోడలు బాగు జేసి, కొత్త దూలాలు ఎక్కిద్దామని బేతంచెర్ల దిక్కు నుంచి ఖాసీంసాబనే మేస్త్రీని పిలిపిచ్చినాడు. ఏమైందంటే, నడిమింటి గోడకు ఖాసీం గడ్డపార ఏస్తే డబడబమని మోగిందంట. రాతిగోడ అట్ల మోగకూడదు గదా. మట్టి గీకితే అదొక గూడు, ఎవురో రాళ్ళుబెట్టి మూసేసినారు. రాళ్ళు తీస్తే గోనెపట్టలో సుట్టిన చెక్కపెట్టె, మేకపిల్లంత బరువు. ముందరంతా గుడ్డ, దాని కింద రెండు తిరుగుడు బిళ్ళలు. ఎనక రేకు తీస్తే గాజుబుడ్లు, రాగితీగలు పేగుల మాదిరి సుట్టుకోని, ఒక పక్కంతా మాడి నల్లగైపోయి ఉంది. ఖాసీం అది సూసి, బాంబేమోనని నిచ్చెన దిగి కల్లం కాడికి పోయి నిలబడినాడంట. రెడ్డి పెండ్లాము పుల్లమ్మేమో, నిధులెతికే మిషనేమోలే, మీ నాయనకా పిచ్చి ఉండె గదా అనింది. రెడ్డి పెట్టెను ఎనక్కి తిప్పి దుమ్ము తుడిస్తే తెల్లరంగుతో రాసిన అచ్చరాలు కనపడినాయి. గ్రామ పంచాయతీ, గుట్టకిందపల్లె అని మన ఊరి పేరే. లోపల తీగెకు ఒక తాళంచెవి యాలాడదీసి ఉంది. అది సూసి ఆయప్ప ఆ రాళ్ళలోనే కూలబడినాడంట.

ఎందుకు కూలబడినాడో మీకు తెలీదు, మీరప్పటికి పుట్టలేదు. కరెంటొచ్చిన కొత్తలో మన పంచాయతీకి సర్కారోళ్ళు రేడియో ఇచ్చినారు. సాయంత్రమైతే ఊరు ఊరంతా దాని ముందర కూకునేది. అది పెట్టిన పంచాయతీ గదికి తాళం తీసేది, ఏసేది తలారి సుంకన్న. ఆయప్ప కూతురు రామక్క, పదేండ్ల పిల్ల, దినామూ దాని దుమ్ము తుడిచేది, సంటిబిడ్డకు నీళ్ళుబోసినంత మురిపెంగా. ఒకదినం తలుపు తీస్తే రేడియో లేదు. తాళం ఏసింది ఏసినట్లే ఉంది, తాళంచెవి సుంకన్న మొలతాడుకే ఉంది. ఇంగేముంది, సుంకన్నే అమ్ముకున్యాడన్యారు. రెండో తాళంచెవి సర్పంచి లింగారెడ్డి కాడ ఉంటాదని ఒక్కడంటే ఒక్కడు నోరు తెరవలేదు. లింగారెడ్డి ఎవురు? మన మద్దిలేటిరెడ్డి నాయన. ఆయప్పే పంచాయితీ పెట్టిచ్చినాడు, ఆయప్పే సుంకులమ్మ గుడి ముందర సుంకన్న అరిచేతిలో కర్పూరం పెట్టి ఎలిగించినాడు. సుంకన్న ఆ మంటను పిడికిట్లో ఆర్పి, నేను తీయలేదు తల్లీ అని ప్రమాణం జేసినాడు. ఆడికి అయిపోవాల గదా? కాలేదప్పా. మూన్నెల్లకు సుంకన్న ఎద్దు సచ్చింది. ముసిలెద్దు సావక ఏం జేస్తాది? ఊరేమో, దొంగ ప్రమాణానికి అమ్మవారు ఎద్దును తీస్కపోయింది అనింది. తలారి పని పీకేసినారు. ఆ దిగులుతోనే రెండేండ్లకు ఆయప్ప పాయె. కూతురికి రేడియోరామక్కని పేరు పడిపాయె. ఎవురింట్లో చెంబు కనపడకున్నా ముందర ఆయమ్మ గుడిసె దిక్కే సూసేది. యాభై ఏండ్లు అట్లనే సూసినారు.

ఇప్పుడు మద్దిలేటిరెడ్డికి అంతా తెలిసిపాయె. నాయన ఇంట్లో పండుకోని పాటలు ఇందామని తెచ్చుకున్నాడు, అది కాలింది, పై ఆఫీసరు అడుగుతాడని గోడలో పెట్టి మూసినాడు, నింద తలారి మీదికి పోతాంటే పోనిచ్చినాడు. చెప్తే సచ్చిన నాయన మర్యాద పోతాది. చెప్పకుంటే సుంకన్న మీద నింద అట్లనే ఉంటాది. సంగటి ముందర కూకుంటాడు, రెండు ముద్దలకే లేస్తాడు. మూట గట్టి శేనిబాయిలో పారేద్దామని పోయినాడు. దావలో ఎవురో ఏంది రెడ్డీ ఆ మూట అంటే, విత్తనాలని చెప్పి ఎనక్కి తెచ్చినాడు. గడ్డివాములో దోపినాడు, మాపటికి బర్రె ఆడే మూతి పెడతాందని మళ్ళా తీసినాడు. దిబ్బలో పూడ్సినాడు, పూడ్సిన చేత్తోనే తవ్వినాడు. కడాకు ఖాసీంను పిలిచి, యాడ దొరికిందో ఆడనే పెట్టి మూసెయ్ అన్యాడు. ఖాసీం బిస్మిల్లా అని మూసేసినాడు. పైన మట్టి మెత్తినాడు. అయినా ఆ గోడ దిక్కు సూడలేక రెడ్డి బయటికీ లోపలికీ తిరగతానే ఉన్నాడు.

ఆ పొద్దు మిద్దెమీదికి మట్టి మోసేదానికి ఆడోళ్ళు కూలికొచ్చినారు. అందరితో పాటు రామక్క. అరవై దాటినా గంప దించేది లేదు ఆయమ్మ. మద్యానం కూలోళ్ళంతా బయట నీడకు పోతే, ఈయమ్మ మాత్రం నడిమింట్లో సల్లగా ఉందని సంగటి మూట ఇప్పుకోని, నడుం నొప్పికి ఈపు గోడకానిచ్చి కూకుంది. యాడ? సరిగ్గా ఆ గూటికే. ఇంత ఉప్పు ఉంటే ఇయ్యమ్మా అని పుల్లమ్మను అడుగుతాంది. రెడ్డి గడపలో నిలబడి సూసినాడు. ఇంగ ఆయప్పతో కాలేదు. వచ్చి, రామక్కా, రొంత పక్కకు జరుగు అన్యాడంట. జరిగింది. గడ్డపార తీస్కోని ఆ పచ్చిగోడను తనే పొడిసినాడు. పెట్టెను తెచ్చి ఆయమ్మ ముందర పెట్టి, మా నాయనే రామక్కా, అని అంతే అన్యాడు.

రామక్కకు సదువు రాదు, అచ్చరాలు సూడలేదు. కొంగుతో పెట్టె మూలలు తుడిసింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏడుస్తాదేమో, తిడతాదేమోనని పుల్లమ్మ ఉప్పు చేతిలోనే పట్టుకోని సూస్తాంది. అదేమీ లేదు. చెయ్యి కడుక్కోని లేసి, "ఎత్తుకో రెడ్డీ, నెత్తిన ఎత్తుకో. మా నాయన తల దించుకోని నడిసిన దావంతా నువ్వు నడుసు," అనింది.

నడిసినాడప్పా. పట్టపగలు, నెత్తిన పెట్టె, ముందర రామక్క. యాభై ఏండ్ల కిందట గుడికాడ పంచాయితీలో కూకున్న పెద్దమనుషులు ఎంతమంది ఉండిరో, ఒక్కొక్కరింటి ముందర నిలబడింది. వాళ్ళు సచ్చి ఎన్నేండ్లో అయింది, అయినా పేరు పెట్టి పిలిచింది. తలారి కూతురు, రెడ్లనూ శెట్లనూ మర్యాద లేకుండా పేరుపెట్టి. నాగిశెట్టీ, బయటికి రా, సూడు. గోపాల్రెడ్డీ, బయటికి రా, సూడు. మనమలు, మనమరాండ్లు బయటికొచ్చి నోరు తెరుసుకోని సూసేది. కడాకు మద్దిలేటిరెడ్డి ఇంటి ముందరికే వచ్చి నిలబడి, "లింగారెడ్డీ, బయటికి రా," అనింది. పెట్టె మోస్తాన్న రెడ్డి అది కింద దించినాడు. ఇంట్లోకి పోయినాడు. మళ్ళా గడప దాటి వచ్చి ఆయమ్మ ముందర చేతులు కట్టుకోని, "వచ్చినా," అన్యాడు.

అదీ జరిగింది. పెట్టె రామక్క గుడిసెలోనే ఉంది, పాడదు, నంద్యాల నుంచి వచ్చిన మెకానిక్కు ఈ గాజుబుడ్లు యాడా దొరకవన్యాడు. ఊరోళ్ళు ఆయమ్మను ఇప్పటికీ రేడియోరామక్కనే పిలుస్తారు, నాలిక్కి అలవాటైంది, ఏం జేస్తాం. ఇదంతా నీకెట్ల తెలుసు తాతా అని నన్నడగద్దండి. ఆ పొద్దు ఆయమ్మ మా ఇంటి ముందర గూడా నిలబడి మా నాయన్ను పేరు పెట్టి పిలిచింది. నేను బయటికొచ్చినా. రెడ్డి అన్న ఆ ఒక్క మాట గూడా నా నోట రాలేదు.