మీ చేలో ఉన్న మా మట్టి

ఎంతసేపని ఆ ఉల్లిపాయలే తరుగుతావు అక్కా? ఒక్కసారి తలెత్తి నా మొహం చూడు. తోడికోడలిని, పరాయిదాన్నా? ఒకే ఇంట మెట్టినవాళ్లం కదూ!

సరే, మాట్లాడకు. విను, చాలు. నాకూ మాట్లాడటం వచ్చి చావదు, నీకు తెలుసుగా. నలుగురిలో నోరు తెరవాలంటేనే చెమటలు పట్టేస్తాయి.

వాటర్‌షెడ్ ఆఫీసుకి వెళ్లొచ్చాను. అవును, ఒక్కదాన్నే! ఇంజినీరమ్మ మన కొండవాలు మొత్తం కంప్యూటర్లో చూపించింది. బయట చుక్క లేదు, అందులో మాత్రం వాన కురిపించింది తల్లీ! నీళ్లు ఎటు పరిగెడతాయో, మట్టి ఎక్కడ కోసుకుపోతుందో అంతా రంగుల్లో తేలింది. పైన మా చేను ఎర్రగా, దోక్కుపోయిన మోకాలిలా... కింద మీది పచ్చగా.

మా మట్టేగా అక్కా అది? ఏటేటా వానకి దిగొచ్చి మీ చేలో పరుచుకుంటోంది. తిరిగిమ్మని అడిగానా? అడిగినా గంపలకెత్తుకుని పైకి మోయగలనా? మిగిలింది నిలబడనివ్వమంటున్నా, అంతే.

నీ మరిది నాగలి పెడితే రాయి గీసుకుంటోంది. ఆ చప్పుడికి నా పళ్లు జివ్వుమంటాయి. ఈ వానలకి ఆ కాస్తా పోతే ఇంకేం దున్నుతాడు, నా తలకాయా?

మా చేలో వాలుకి అడ్డంగా గట్లు వేస్తారట. నిండిన నీళ్లు బయటికి పోవాలిగా మరి? ఆ దారి మీ గట్టు పక్కనేనని కంప్యూటర్ చూపించింది. అక్కడ చిన్న కాలువ తవ్వనిస్తేనే పని మొదలుపెడతారు. లేదంటే మట్టి తవ్వే మిషన్ ఇంకో వాలుకి వెళ్లిపోతుంది.

గట్లు వేస్తే మీకు కొత్త మట్టి రాదనేగా నీ బాధ? సిగ్గు విడిచి అదీ అడిగాను. మా మట్టి అయిపోయాక మీ చేలోకి దిగేవి రాళ్లేనట. నమ్మవు. ఆవిడ చెప్పినా నమ్మవు, నేను చెప్పినా నమ్మవు.

ఏంటి, కత్తి ఆపేశావు? వినబడిందా?

ఆ... మిషనే. వంతెన దాటినట్టుంది.

"మీ అక్క ఒప్పుకుందా?" అనడిగింది ఇంజినీరమ్మ. ఒప్పుకుందన్నాను. ఈ నోటితోనే అక్కా! గొంతు కూడా వణకలేదు.

వెళ్లు. గట్టు మీద నిలబడి, ఇది అబద్ధాలకోరని అందరి ముందూ చెప్పు. నేను అడ్డం రాను.

లేదంటే ఇక్కడే కూర్చుని ఉల్లిపాయలు తరుగు. ఇన్నాళ్లూ నాతో పలకలేదుగా... ఈ ఒక్క పూటా పలక్కు.