మా బావ బండికి తగిలిన అనుమానం

ఏంటమ్మా, సీటు కూడా ఊడదీశావా? చెయ్యి తుడుచుకో ముందు. లైటు మసకబారితే డైనమో పోయినట్టేనని ఎవరు చెప్పారు నీకు? పోయుండొచ్చు, కాదనను. అంత దూరం పోతానంటున్నావు, అన్నీ చూసుకోవాల్సిందే. మా బావా ఇలాగే విప్పి కూర్చునేవాడు. మా బావంటే మా అక్క మొగుడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. తూకం రాళ్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇరవై ఏళ్లు త్రాసు పళ్లేల కింద మైనం ముద్దలు పట్టుకున్న మనిషికి లోకం మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పు? గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే చాలు, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అనేవాడు. మా అక్క వంటింట్లోంచే, "నేనేనండీ, మీ ఆయుష్షు పెరుగుతుందని వెనక్కి తిప్పాను" అనేది. నవ్వేవాడు కాదు. ఆ మాట మీదా అనుమానమే.

ఆయనకో స్నేహితుడు, మోటార్లకి రాగితీగ చుట్టేవాడు. ఊరంతా వైండింగాయన అనేవాళ్లు. ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒరే అంటే ఒరే. ఏటా సెలవులకి ఇద్దరూ ఆ ముసలి బండేసుకుని ఎక్కడికో పోయేవాళ్లు. బావ నడిపేవాడు, ఆయన పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక. బయల్దేరేముందు డైనమో విప్పి, లోపలి బొగ్గుముక్కలు అరిగాయేమో చూసి, బ్యాటరీలో నీళ్లు పోసేది ఆయనే. "పెట్రోలు ఏ ఊళ్లోనైనా పోస్తార్రా, కరెంటు ఎవడు పోస్తాడు?" అనేవాడు. నేనా? నన్నెవరు పిలిచారమ్మా! బండి మీద మూడో మనిషికి చోటెక్కడ? వరండాలో కూర్చుని టాటా చెప్పడమే నా పని. సరే, ఏదో చెబుతున్నాను... ఆఁ, సముద్రం. ఆ ఏడు సముద్రం దాకా పోదామనుకున్నారు. ఇద్దరూ చూసినవాళ్లు కాదు. వైండింగాయన కంటికి పొర కమ్ముతోంది. "ఈ ఏడు చూడకపోతే ఇంక నాకు వినపడడమేరా, కనపడదు" అన్నాడు. దాంతో బావ బండంతా ఊడదీసి, తనే కూర్చుని చట్రానికి నల్లరంగు వేశాడు. ఒక పూత కాదు, మూడు. మొహం చూసుకోవచ్చు అందులో.

అక్కడ మొదలైంది. హెడ్‌లైటు మీద చిన్న అద్దంలో ముల్లు ఉంటుంది చూడు, బ్యాటరీకి ఎంత ఎక్కుతోందో చెప్పేది, అది చివరికంటా పోయి అక్కడే కూర్చునేది. బ్యాటరీ కుతకుతా ఉడికేది. ఆసిడ్ చింది బావ ప్యాంట్లకి చిల్లులు. సీటు కింద రెగ్యులేటరు పెట్టె ఉంటుంది కదా, బ్యాటరీ నిండాక ఇంక చాలు అని ఆపేది? వైండింగాయన వచ్చి దాని మర కాస్త తిప్పేవాడు. ఒక పూట బాగుండేది, మళ్లీ ఉడుకు. "బాగుచేసింది తనంతట తను చెడుతుందా? ఎవరో చెయ్యి పెడుతున్నారు" అన్నాడు బావ. ఆ పెట్టె మూతకి లక్క కరిగించి, రాళ్లకి వేసే ఆఫీసు ముద్ర కొట్టాడు! రోజూ పొద్దున్నే భూతద్దంతో చూసేవాడు. ముద్ర చెక్కుచెదరలేదు, బ్యాటరీ మాత్రం ఉడికింది. ఇంకొకడైతే ఎవరూ ముట్టుకోలేదనుకుంటాడు. మా బావేమనుకున్నాడో తెలుసా? "ముద్ర పగలకుండా పని కానిచ్చాడంటే, పని తెలిసినవాడే." అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

నా దగ్గరికొచ్చాడు. "రోజంతా వరండాలోనే ఉంటావు కదా, నేను ఆఫీసులో ఉండగా ఎవరొచ్చారు?" అన్నాడు. "వైండింగాయన వచ్చాడు బావా, బండి దగ్గర వంగి ఏదో చేస్తున్నాడు" అన్నాను. అబద్ధం కాదు. వచ్చాడు, వంగాడు. చేతిలో నీళ్ల సీసా ఉంది, ఉడికిపోయిన బ్యాటరీలో నీళ్లు పోస్తున్నాడు. అది... ఆ ముక్క చెప్పలేదు నేను. బావ అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం ఆయన రాగానే బావ అడిగేశాడు. "సముద్రానికి రావడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చు కదరా, నా బండెందుకు పాడుచేస్తావు?" వైండింగాయన ఏమన్నా అరుస్తాడేమో అనుకున్నాను. సంచి భుజానికి తగిలించుకుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. బావ పంతానికి ఒక్కడే బయల్దేరాడు. రెండోరోజు ఏదో కల్వర్టు దగ్గర మళ్లీ ఉడుకు. కోపంతో ఆ పెట్టెనే పీకేశాడట. దాని కింద చూస్తే ఏముంది, తను వేసిన రంగే, తోలులా. ఇనుముకి ఇనుము తగలట్లేదు. చట్రానికి కరెంటు తిరిగొచ్చే దారి మూసుకుపోతే, బ్యాటరీ నిండిందని ఆ పెట్టెకెలా తెలుస్తుంది? చాకుతో గీకి, అక్కణ్నుంచి బ్యాటరీకి విడిగా ఒక తీగ లాగితే ముల్లు దిగి మధ్యలో నిలబడింది. అక్కణ్నుంచి సముద్రం ఇంకొక్క రోజు. బండి వెనక్కి తిప్పాడు.

వచ్చినవాడు మొహం కూడా కడుక్కోలేదు, నన్ను వెంటబెట్టుకుని వైండింగాయన ఇంటికి. తలుపు కొట్టాడు. "ఎవరు?" "నేనేరా." మంచం కిర్రుమంది. తర్వాత లోపల్నుంచే, "ముల్లు నిలబడిందా?" అన్నాడు. "నిలబడిందిరా. రంగు. నా రంగే." "గీకావా?" "గీకాను." "సరే, అయితే వెళ్లు." అంతే. గడియ తీయలేదు. తర్వాత మూడుసార్లు పోయాడు బావ, మూడుసార్లూ అంతే. చలికాలం వచ్చేసరికి ఆయనకి చూపు పూర్తిగా పోయింది.

ఆ మొదటిరోజు తిరిగొస్తూ బావ దారిలో ఆగాడు. "వాడు వంగి ఏం చేస్తున్నాడు అసలు? నువ్వు చూశావు కదా?" అన్నాడు. తూకం చూసే కళ్లమ్మా అవి. "వెనకనుంచి చూశాను బావా, చేతులు కనపళ్లేదు" అన్నాను. కాసేపు చూసి, తలూపి నడిచాడు. భార్యని, స్నేహితుణ్ని, గోడ గడియారాన్ని కూడా అనుమానించినవాడు నన్ను... నన్ను నమ్మాడు.

ఏంటలా చూస్తావు? చినుకులు పడుతున్నాయి, ఆ సీటు లోపల పెట్టు.