ఉప్పునీటి దారి

విశాఖ చేపలరేవు దగ్గర సింహాద్రి డాబా ఇల్లు. పైన వైర్‌లెస్ గది. పట్టపగలు. కళింగపట్నంలో అత్తవారింటి నుంచి బస్సు దిగి నేరుగా వచ్చిన అతని చెల్లెలు చిట్టమ్మ ఆ గది గడప దాటలేదు.

"రేపు ఆయన కర్మ జరిపించీ అన్నా. నా గాజులు తీయించీ. ఇంక నావల్ల కాదు."

"ముందు లోపలికొచ్చి కూకో. మజ్జిగ తాగుతావా?"

"వొద్దు. కర్మకి ఒప్పుకుంటావా నేదా?"

"మీ ఆయన బతికున్నాడని నాను సెప్తంటే కర్మేటి? రోజూ మద్దేనం ఈ వైర్‌లెస్ పెట్టెలో మోహన్ కొట్టే టిక్కుటిక్కు మోర్సు వస్తంది. నన్ను పిలిసి, ఆకర్ని బావా అంటన్నాడు."

"ఏ ఆనందపురం కుర్రోడో ఆటాడతన్నాడేమో."

"అటుపక్కంతా కొండలు. పగటిపూట మన మీడియం వేవు నేలని అంటుకుని పాకుతాది. కొండలూ ఎండునేలా దాన్ని మింగేత్తాయి. అదే ఉప్పునీటి మీదైతే ఎంతో దూరం పోద్ది. ఇది సముద్రం మీంచే వస్తంది."

"ఆ ముక్క నాకు సెప్పకు. నీళ్ల మీద ఎంత దూరం పోద్దో సూత్తానని వైర్‌లెస్ సెట్టు పట్టుకుని బోటెక్కే కదా ఆయన..."

"చిట్టీ."

"బోటు మునిగిపోయింది. మిగతావోళ్ల శవాలు ఒడ్డుకొచ్చేయి. ఈయనొక్కరే రానేదు."

"రానేదు గాబట్టే నాను..."

"ఆయన పట్టుకెళ్లిన సెట్టు బేటరీ ఎన్నాళ్లొస్తాది అన్నా? ఎప్పుడో సచ్చుంటాది. నీకు తెలీదా?"

"తెలుసు."

"మా అత్త నీ మాట నమ్మి అన్నం మానేసింది. కొడుకొచ్చేకే తింటానని ఇసకలో కూకుంది. ముసల్ది సచ్చిపోద్ది. అందుకే వచ్చేను. ఆ మోర్సు పంపింది నానే."

"ఊ."

"ఊ ఏటి? ఇన్నావా? ఆయన పాత సెట్టు ఇంటికాడుంది. దాన్లో ఇనడానికవదు, పంపడానికే అవుద్ది. మోర్సు ఆయనే నేర్పేరు నాకు. నువ్వు నమ్మి పెద్దోళ్లకి సెప్తే నా గాజులు ఆగుతాయని ఆశపడ్డాను. తిట్టన్నా, తిట్టు."

"నువ్వేనని తెలుసమ్మా."

"ఏటి తెలుసు?"

"మొదటి రోజే తెలుసు. ఈ ఏరియలు తీగచుట్ట తిప్పితే, మోర్సు వచ్చేది కళింగపట్నం దిక్కునించేనని సూపించింది. పైగా ఆకర్ని బావా అనడం మర్సిపోయి అన్నా అని కొట్టేవు. మర్నాటినుంచి దిద్దుకున్నావు."

"తెలిసీ... తెలిసీ బతికున్నాడని అందరికీ సెప్పేవా? మా అత్త కడుపు మాడ్సేవా? నాను ఆడదాన్ని, మొగుడు పోయినదాన్ని, నాకు బుద్ది నేదు. నీకేటైంది?"

"మోహన్ ఇంట్లో నిన్ను ఏటని పిలిసేవోడు?"

"ఇప్పుడదెందుకు?"

"సెప్పు."

"పేరెట్టి పిలిసేవోరు కాదు. ఇదిగో అనేవోరు. అంతే. ఎందుకేడుత్తన్నావన్నా?"

"నువ్వు కొట్టడం ఆపేసేక నాను సెట్టు ఆపను. తీగచుట్ట నడిసముద్రం వేపు తిప్పుతాను. నీ పెట్టెలో ఇనపడదు గాబట్టి నీకు తెలీదు. రోజూ అక్కణ్ణించి నీకు జవాబొస్తంది చిట్టీ. ఇదిగో, ఇదిగో అని."