తాత చేసిన బూట్ల వైద్యం

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, తాత ఆరేళ్ల మనవరాలి బూట్లు విప్పుతున్నాడు.

“నీ వయసులో నా పాదాలూ ఇలాగే లోపలికి తిరిగి ఉండేవే. కుడి బూటు ఎడమకి, ఎడమది కుడికి తొడిగి వారంలో తిన్నగా చేసుకున్నాను. పరుగులో గుర్రాన్నే దాటేశాను.”

“నాకూ అలాగే తొడిగావుగా తాతా. మూడుసార్లు పడ్డాను.”

“పడ్డావులే.”

“డాక్టరమ్మ ఏమంది? మళ్లీ చెప్పు.”

“తొడ ఎముక కాస్త లోపలికి తిరిగిందట. నొప్పీ కుంటూ లేవు కదా, మందూ మాకూ అక్కర్లేదంది. చాలామందికి పదేళ్లలోపు దానంతటదే సర్దుకుంటుందట.”

“మరి బూట్లు?”

“ఏ కాలివి ఆ కాలికే తొడగమంది. నన్నే చూస్తూ అంది.”

“రేపు బడిలో పరుగు పందానికి వెళ్లొచ్చా?”

“భేషుగ్గా వెళ్లమంది.”

మనవరాలు కిందకి వంగి తాత పాదాలు చూసింది.

“తాతా, నీవి ఇంకా లోపలికే ఉన్నాయిగా!”

“ఉన్నాయి. రెండు బొటనవేళ్లూ ఇప్పటికీ ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. కొందరికి అలా ఉండిపోతాయట. వీటి మీదే డెబ్బై ఏళ్లు తిరిగాను, ఏం తక్కువైంది?”

“అయితే గుర్రం కూడా అబద్ధమేనా?”

“పరుగు నిజమే, దాటిందీ నిజమే. గుర్రం ఒక్కటే కల్పించాను. అది మేక. అదీ నిలబడి మేస్తోంది.”