మాస్టారి నీలం

మ్యూజియంలో మెట్ల పక్కన చిన్న గది, బల్ల నిండా పాత డిజైన్ కాగితాలు. రేపు ప్రదర్శన. అక్కడ పనిచేసే అమ్మాయి, ఒకప్పుడు డిజైనర్ మాస్టారి స్టూడియోలో బొమ్మలు గీసిన ఆమె పిన్ని.

“మళ్లీ మాట దాటేస్తున్నావు పిన్నీ. గోడ మీద పెట్టే కార్డు నాలుగింటికి అచ్చుకి వెళ్లాలి. బిస్కెట్ డబ్బాకి రంగు ఎంచింది ఎవరని రాయను?”

“రాశారుగా, మాస్టారి పేరు. బాగానే ఉంది.”

“ఏం బాగుంది? గది మొత్తానికి ‘మాస్టారి నీలం’ అని పేరు పెట్టారు. డిజైన్ చరిత్ర రాసినవాళ్లదీ అదే పాట. ఈ డబ్బా వచ్చాకే అంగళ్ల రూపు మారిందట.”

“మారింది, నిజమేగా. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పవే, ఉక్కగా ఉంది.”

“ఫ్యాను సంగతి తర్వాత. ఇది చూడు, డబ్బా అసలు బొమ్మ. పైన అంటించిన పల్చటి కాగితం. దీని మీదేగా రంగులు రాసి ప్రెస్సుకి పంపేవాళ్లు?”

“అంతే. బొమ్మ నలుపులోనే ఉంటుంది. ఎక్కడ ఏ రంగో పైకాగితం మీద రాస్తే వాళ్లు కలుపుకునేవాళ్లు.”

“ఇక్కడ ‘ఎరుపు’ అని రాసి కొట్టేశారు. కింద ‘నీలం’. రెండూ నీ రాతే.”

“ఆయన చెప్పారు, నేను రాశాను.”

“మిగతా నూట పన్నెండు కాగితాల మీదా ఆయన రాతే. ప్రెస్సుకి వెళ్లే మాట ఇంకొకళ్లని రాయనిచ్చేవారు కాదని నువ్వేగా చెప్పావు?”

“చెప్పానా? నా నోటికి తాళం లేదు.”

“పిన్నీ.”

“అబ్బ, ప్రాణం తీస్తున్నావే. అప్పటికి ఆయనకి చూపు పోయింది. చాలా?”

“పోయిందంటే?”

“పోయిందంటే పోయిందనే. వెలుగూ చీకటీ తెలిసేవి, అంతే. కంపెనీవాళ్లు వస్తే కళ్లజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని తలాడించేవారు. నాకు తప్ప ఎవరికీ తెలీదు.”

“అంటే నీలం నీదే. ఇన్నేళ్లూ నోరు మూసుకుని కూర్చున్నావా? నాకు ఒళ్లు మండిపోతోంది.”

“నాకు మండలేదనుకున్నావా? అప్పటికే అంగట్లో అన్నీ ఎర్ర డబ్బాలే. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తెలిసేది కాదు. ఎరుపు వద్దండీ, వద్దండీ అని నాలుగుసార్లు చెప్పాను. ‘నీకు చెయ్యి ఉంది, కన్ను లేదు’ అన్నారు.”

“ఆయన? నిన్ను?”

“ఆయనే. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పన్నెండేళ్లు ఆయన చెప్పిన గీతే గీశాను. విసుగొచ్చి కొట్టేశాను. నీలం అని రాసి పంపేశాను.”

“మంచి పని చేశావు. ఇప్పుడు కార్డు మీద నీ పేరు రాస్తున్నా. ఇదిగో, ఇక్కడ నీ సంతకం ఒక్కటి.”

“పెన్ను పక్కన పెట్టు.”

“ఎందుకు? ఎవరికి భయం? ఆయన పోయి ముప్పై ఏళ్లయింది.”

“డబ్బా వచ్చిన నెలకే పోయారు. నీలాన్ని మెచ్చుకున్నవాళ్లంతా ఆ తర్వాతే.”

“మరింకేం? రంగు మార్చానని ఆయనకి అప్పుడే చెప్పి ఉంటావుగా?”

“వెళ్దాం పద, బస్సు తప్పిపోతుంది.”

“చెప్పలేదా?”

“చెప్దామనే వెళ్లానే. మంచం మీద ఉన్నారు. మొదటి డబ్బా నేనే తీసుకెళ్లి చేతిలో పెట్టాను. మూత తడిమి తడిమి, ‘చూశావా, ఎరుపు ఎంత నిండుగా వచ్చిందో’ అని నవ్వారు. అవునండీ, మీరన్నదే కరెక్టు అన్నాను. ఇప్పుడు ఇంత గోడ మీద రాసి, కాదండీ అనమంటావా?”