గుమ్మంలో బుట్ట

కొట్లాటలను మాటలతో తీర్చుకోవడం నేర్పే తరగతి లోపల జరుగుతోంది. గుమ్మంలోని బుట్టలో వెతుకుతున్న ఓ కుర్రాడి తల్లిని చూసి మాస్టారు బయటికి వచ్చాడు.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

"వచ్చినవాళ్ళు కత్తులూ గొలుసులూ ఇందులో వేసి లోపలికెళ్ళాలిగా మాస్టారూ. మావాడు ఏం వేశాడు?"

"ఏమీ లేదమ్మా. వట్టి చేతులు చూపించాడు."

"పొద్దున్నుంచి మా కూరలు తరిగే కత్తి కనబడట్లేదు."

"మీకు ప్రతిదానికీ భయమే. ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు."

"కీడెంచి మేలెంచమన్నారు నాయనా. ఇవాళ వాడి ఎదురుగా ఎవర్ని కూర్చోబెట్టారు?"

"మీ పెద్దబ్బాయిని చంపి జైలుకెళ్ళొచ్చినవాణ్ణి. మీవాడే అడిగాడు. గంట నుంచి ఎంత నెమ్మదిగా మాట్లాడుతున్నాడో."

"ఇంట్లో నాతో మాట్లాడి నెలయింది. ఇప్పుడేం చేస్తున్నారు లోపల?"

మాస్టారు తలుపు వైపు చూశాడు.

"ఒకర్నొకరు కౌగిలించుకోమని చెప్పి వచ్చానమ్మా."